కరెంటు పోయాక పది నిమిషాలు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ నేను మాట్లాడబోయేది పచ్చళ్ళ గురించి కాదు, పిల్లల జలుబుల గురించీ కాదు. మన ఇళ్ళలో కంప్యూటర్ బల్ల కింద కాళ్ళకు తగులుతూ, దుమ్ము కొట్టుకుని కూర్చునే ఒక నల్లపెట్టె గురించి. దాన్నే యూ.పి.ఎస్. అంటున్నాం. కరెంటు పోగానే "కుయ్ కుయ్" మని అరిచేది అదే. అది అరిచినప్పుడు విసుక్కోవడమే తప్ప, ఏం చెబుతోందో విందామని మనలో చాలామందికి తోచదు. "అబ్బాయి వచ్చాక చూస్తాడ్లే" అని వదిలేస్తాం. కానీ కరెంటు పోయే వేళకు ఆయన ఆఫీసులోనూ, అబ్బాయి కాలేజీలోనూ ఉంటారు. ఇంట్లో ఉండేది మనమే కదా!

పైగా ఇప్పుడు ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది కూడా చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే. ఒకామె పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతుంది. ఒకామె ఇంట్లోంచే కంపెనీ లెక్కలు రాస్తుంది. మరొకామె జాకెట్లకు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వేసి నాలుగు డబ్బులు సంపాదించుకుంటుంది. కాలేజీ సీట్లకూ, పోటీ పరీక్షలకూ దరఖాస్తులు పెట్టేది అందులోనే. పాలు పొంగిపోతే పొయ్యి తుడుచుకుంటాం, మళ్ళీ పాలు పోయించుకుంటాం. దరఖాస్తుకు ఆఖరి రోజు రాత్రి పదకొండు గంటలకు కంప్యూటర్ ఆరిపోతే మాత్రం పోయిన ఆ ఏడాది తిరిగి రాదు.

నేను ఇంజనీరును కాను. పదో తరగతితో చదువు ఆగినదాన్ని. పెట్టెతోపాటు వచ్చే చిన్న పుస్తకం చదివి, బాగుచెయ్యడానికి వచ్చినవాళ్ళను పక్కన నిలబడి అడిగి తెలుసుకున్న సంగతులే ఇవి. ఇందులో స్క్రూడ్రైవరు పట్టాల్సిన పని ఒక్కటీ లేదు, భయపడకండి.

మా నాయుడుపేట మద్రాసు రోడ్డు మీద, స్వర్ణముఖి పక్కన ఉన్న ఊరు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళాం. జిల్లా మారింది గానీ గాలివాన మారలేదు. 2020 నవంబరులో నివర్ తుఫాను, 2022 డిసెంబరులో మాండూస్, 2023 డిసెంబరులో మిచాంగ్. తీరం దాటేది ఎక్కడైనా మా వైపు చెట్టుకొమ్మలు తీగల మీద పడతాయి, కరెంటు పోతుంది. వానాకాలం సంగతి అలా ఉంటే, ఎండాకాలం వాడకం పెరిగి పోతుంది. 2022 ఏప్రిల్లో రాష్ట్రంలో కొరత వచ్చి ఫ్యాక్టరీలకే పవర్ హాలిడే పెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కరెంటు పోకుండా ఆపడం మన చేతిలో లేదు. పోయాక మనకు దొరికే పది నిమిషాలు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.

పది నిమిషాలే ఎందుకంటున్నానో చెబుతాను. కుళాయి ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు కనక వంటింట్లో ఒక బిందెడు నీళ్ళు పట్టి పెట్టుకుంటాం. ఆ బిందెతో పొయ్యి మీదున్న వంట పూర్తి చేసుకోవచ్చు, పిల్లలకు తాగడానికి ఇవ్వచ్చు. అవే నీళ్ళతో దుప్పట్లు ఉతకడానికి కూర్చుంటే ఎంతసేపు వస్తాయి? యూ.పి.ఎస్. కూడా ఆ బిందె లాంటిదే. మొదలుపెట్టిన పని జాగ్రత్త చేసుకుని, కంప్యూటర్ ను పద్ధతిగా ఆపుకోవడానికి అది ఇచ్చే వ్యవధి. రెండు గంటల సినిమా చూడటానికి కాదు.

లెక్క కూడా చూద్దాం. ఇళ్ళలో ఎక్కువగా ఉండేది 600 వి.ఏ. పెట్టె. 600 అని రాసి ఉంది కదా అని 600 వాట్లు మోస్తుందనుకోకండి. అలాంటి చిన్న పెట్టెలు చాలావరకు మొయ్యగలిగేది 360 వాట్లు. లోపల 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది. 12ను 7తో హెచ్చిస్తే 84. అంటే 84 వాట్ల సామాను ఒక గంట నడవాలని కాగితం మీద లెక్క. కానీ నెమ్మదిగా తోడుకోవలసిన దాన్ని గబగబా తోడేస్తే ఏ బ్యాటరీ అయినా పూర్తిగా ఇవ్వలేదు. పైగా బ్యాటరీ కరెంటును మన ఇంటి కరెంటుగా మార్చేటప్పుడు కొంత వేడి రూపంలో పోతుంది. అంచేత కంప్యూటరూ తెరా కలిసి 120 వాట్లు లాగాయంటే, కొత్త బ్యాటరీ అయినా మనకు దక్కేది పావుగంట, ఇరవై నిమిషాలు. బ్యాటరీ పాతదయ్యేకొద్దీ ఇది తరుగుతూ వస్తుంది.

ఇక రోగాల సంగతికి వద్దాం. యూ.పి.ఎస్. పనిచెయ్యలేదు అనగానే చాలామంది కొత్తది కొనాలేమో అనుకుంటారు. కొంచెం ఆగండి. నాడి చూడకుండా మందు వెయ్యరు కదా! వరసగా నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు సంగతి తేలిపోతుంది.

మొదటి ప్రశ్న: కరెంటు పోగానే కంప్యూటర్ కూడా ఆరిపోయిందా?

ఆరిపోతే ముందు పెట్టె వెనక్కి తొంగి చూడండి. కొన్ని పెట్టెలకు రెండు రకాల సాకెట్లుంటాయి. కొన్నింటికి బ్యాటరీ అండ ఉంటుంది. కొన్ని మాత్రం కరెంటు ఎగసిపడినప్పుడు కాపాడతాయి గానీ కరెంటు పోతే వాటిల్లో ఏమీ రాదు. ఇల్లు దులిపిన రోజు అన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టేటప్పుడు కంప్యూటర్ ప్లగ్గు ఆ రెండో రకంలోకి వెళ్ళిపోవడం మామూలే. అది మారిస్తే సరి. సాకెట్టు సరిగానే ఉంటే, పెట్టె ముందున్న మీట నొక్కి ఉందో లేదో చూడండి. కొన్నిటికి వెనక ఒక చిన్న బొత్తాం ఉంటుంది. ఎక్కువ బరువు పడితే అది బయటికి పొడుచుకు వస్తుంది. బరువు తగ్గించి ఒకసారి లోపలికి నొక్కితే మళ్ళీ పనిచేస్తుంది. నొక్కిన ప్రతిసారీ బయటికి వస్తుంటే మాత్రం ఇంక నొక్కకండి, తెలిసినవాళ్ళను పిలవండి.

రెండో ప్రశ్న: దాని మీద ఏమేం తగిలించాం?

ఇక్కడ మా వీధిలో జరిగింది చెప్పాలి. ఒకావిడ ఇంట్లోనే జాకెట్లకు ఎంబ్రాయిడరీ వేస్తుంది. డిజైను గీసుకోవడానికి కంప్యూటర్, దానికి 600 వి.ఏ. పెట్టె. పెళ్ళిళ్ళ రోజుల్లో గిరాకీ పెరిగిందని కుట్టుమిషను ప్లగ్గు కూడా అందులోనే పెట్టింది. కరెంటు పోయింది, పెట్టె ఆగకుండా ఒకే కూత కూసి చచ్చూరుకుంది. మిషను మధ్యలో ఆగిపోయి, గుడ్డ కదిలి, పెళ్ళికూతురి జాకెట్టు మీద నెమలి తల ఒకచోట, తోక ఒకచోట పడ్డాయి. ఆ పట్టుగుడ్డ ఖరీదు ఈవిడే ఇచ్చుకోవలసి వచ్చింది. చూడడానికి వచ్చిన అబ్బాయి బోర్డు పోయింది, కొత్తది కొనండి అన్నాడు. "ఏందక్కా ఇట్టా అయింది, ఏడాది కూడా కాలేదే!" అని నా దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మిషను ప్లగ్గు తీసేసి, ఒక్క కంప్యూటరే ఉంచి, రాత్రంతా ఛార్జి కానిచ్చి మర్నాడు చూస్తే పెట్టె శుభ్రంగా పదిహేను నిమిషాలు నిలిచింది. బోర్డుకేం రోగం లేదు. మొయ్యలేని బరువు నెత్తినపెడితే కూలబడింది, అంతే. మిషనుకు వేరే పెద్ద పెట్టె కొనుక్కుంది. దాని మీద రాసి ఉన్న వాట్లు చూసి, అంతకు ఒకటిన్నర రెట్లు మొయ్యగలిగేది అడిగి తెచ్చుకుంది.

కనక కంప్యూటర్, తెర, ఇంటర్నెట్ పెట్టె, ఈ మూడే యూ.పి.ఎస్. మీద ఉండాలి. లేజర్ ప్రింటరు ఎప్పుడూ పెట్టకూడదు. అది కాగితాన్ని వేడి చేసేటప్పుడు ఇస్త్రీపెట్టె లాగినట్టు లాగుతుంది. మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ సందర్భంలోనే ఒక ముఖ్యమైన మాట. 2021లో కరోనా ఉధృతంగా ఉన్నప్పుడు చాలా ఇళ్ళకు ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లు వచ్చాయి. ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పెద్దవాళ్ళకు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో వాడుతున్నారు. నిమిషానికి అయిదు లీటర్లిచ్చే మిషను సుమారు 300 వాట్లు, కొన్ని అంతకంటే ఎక్కువే లాగుతాయి. కంప్యూటర్ పెట్టె ఉంది కదా అని దాన్ని నమ్ముకుంటే నాలుగైదు నిమిషాలు కూడా రాకపోవచ్చు. అలాంటి రోగి ఇంట్లో ఉంటే డాక్టరు గారిని అడిగి ఆక్సిజన్ సిలిండరు ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. దీన్ని మాత్రం రేపటికి వాయిదా వెయ్యకండి.

మూడో ప్రశ్న: బ్యాటరీ వయసెంత?

కరెంటు పోతే పెట్టె పనిచేస్తుంది గానీ ఒకటి రెండు నిమిషాల్లోనే నీరసించిపోతోంది అంటే అది బ్యాటరీ జబ్బు. ఈ బ్యాటరీలు మామూలుగా రెండు నుంచి నాలుగేళ్ళు వస్తాయి. దీనికి బద్ధశత్రువు వేడి. 25 డిగ్రీల దగ్గర ఎన్నాళ్ళు మన్నుతుందో, ఎప్పుడూ ఇంకో పది డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంటే దాదాపు అందులో సగమే మన్నుతుందని లెక్క. మా వైపు వైశాఖమాసం ఎండలు మీకు తెలియనివి కావు. కాబట్టి ఆ పెట్టెను పడమటి గోడకు ఆనించి, పైన పాత పేపర్లు పేర్చి, లేసు గుడ్డ కప్పి ముద్దుగా ఉంచకండి. నాలుగు వైపులా జానెడు గాలి ఆడాలి. పక్కలనున్న చిల్లులు నెలకోసారి పొడిగుడ్డతో తుడవాలి, స్విచ్చి ఆపేసి సుమండీ! ఆ చిల్లుల్లోంచే చీమలూ, బల్లులూ లోపలికి దూరతాయి.

వేడి తర్వాత రెండో శత్రువు ఖాళీగా ఉండిపోవడం. బ్యాటరీని పూర్తిగా పీల్చేసి, అలాగే వదిలేసి సెలవులకు పుట్టింటికి వెళ్ళారనుకోండి, తిరిగి వచ్చేసరికి లోపలి సీసపు పలకల మీద ఒక పొర గట్టిపడి ఛార్జి పట్టదు. కరెంటు వచ్చాక ఆరు నుంచి ఎనిమిది గంటలు ఛార్జి కానివ్వాలి. వాడకుండా పక్కన పెట్టిన పెట్టెను కూడా రెండు మూడు నెలలకోసారి ఒక రాత్రంతా ఛార్జిలో ఉంచాలి.

బ్యాటరీ మార్చాలని ఎవరైనా చెబితే, "మీటరు పెట్టి చూపించు నాయనా" అని అడగండి. రాత్రంతా ఛార్జి చేసి, ప్లగ్గు తీసి కాసేపు ఆగాక చూస్తే, బాగున్న బ్యాటరీ పన్నెండున్నర వోల్టుల పైన చూపించాలి. అప్పుడు కూడా 12 లోపే ఉన్నా, కంప్యూటర్ పెట్టగానే పదిన్నర కిందికి జారిపోయినా అది అయిపోయిందన్నమాట. అప్పుడు బ్యాటరీ ఒక్కటే మార్పించండి. కొత్త పెట్టె ఖరీదులో అది కొద్ది భాగమే అవుతుంది. ఆ ఒక్క ప్రశ్న అడిగిన ఇల్లాలికీ, అడగని ఇల్లాలికీ బిల్లులో తేడా తెలుస్తుంది. కొనేటప్పుడు పాతదాని మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్-అవర్లు ఉందో అవే ఉన్నది తీసుకోవాలి. తయారైన నెల చూడాలి. ఏడాది పైగా దుకాణంలో పడి ఉన్నది వద్దనాలి. కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి.

నాలుగో ప్రశ్న: కరెంటు ఉండగానే అరుస్తోందా?

లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, అయినా పెట్టె కూస్తోంది. ఇది చూసి పెట్టెకు పిచ్చెక్కిందనుకుంటాం. చాలాసార్లు తప్పు దానిది కాదు, వోల్టేజిది. మన ఇళ్ళకు రావలసింది 230 వోల్టులు. సాయంత్రం అందరూ మోటార్లు, ఏసీలు వేసేసరికి అది బాగా పడిపోతుంది. ట్యూబులైటు మినుకుమినుకుమంటుంది, ఫ్యాను ఈసురోమంటుంది. అప్పుడు కంప్యూటర్ కు హాని జరగకుండా యూ.పి.ఎస్. బ్యాటరీ మీదికి మారి కూస్తుంది. అలా గంటసేపు సాగితే బ్యాటరీ ఖాళీ అవుతుంది, తర్వాత నిజంగా కరెంటు పోయినప్పుడు చేతులెత్తేస్తుంది. రోజూ ఒకే వేళకు ఇలా జరుగుతుంటే తేదీ, వేళ కాగితం మీద రాసి పెట్టుకుని 1912 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెయ్యండి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. వీధిలో నలుగురం చేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు ఎక్కువైందని వాళ్ళకూ తెలుస్తుంది. ఒక్క మన ఇంట్లోనే ఇలా ఉంటే మాత్రం గోడ సాకెట్టు వదులైందేమో, వైరు కాలిందేమో ఎలక్ట్రీషియనుకు చూపించుకోవాలి.

ఇంటికంతా ఇన్వర్టరు ఉన్నవాళ్ళకు మరో చిక్కు. "మాకు ఇన్వర్టరుంది వదినా, అయినా కరెంటు పోగానే కంప్యూటర్ ఆరి మళ్ళీ వెలుగుతుంది, చేసిన పనంతా పోతుంది" అని చాలామంది అంటుంటారు. ఇన్వర్టరు కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి రెప్పపాటు పడుతుంది. ఫ్యాను దాన్ని పట్టించుకోదు. కంప్యూటర్ కు ఆ రెప్పపాటే ఎక్కువ. చాలా ఇన్వర్టర్లకు వెనకవైపు ఒక చిన్న మీట ఉంటుంది, ఒకవైపు మామూలు పద్ధతి, ఇంకోవైపు యూ.పి.ఎస్. పద్ధతి. రెండోవైపు పెడితే మార్పు త్వరగా జరుగుతుంది. అయితే అప్పుడు కొంచెం వోల్టేజి తగ్గినా బ్యాటరీ మీదికి వెళ్ళిపోతుంది. కాబట్టి తక్కువ వోల్టేజి ఉన్న వీధుల్లో కంప్యూటర్ కు విడిగా చిన్న పెట్టె పెట్టుకోవడమే మేలు. చవకరకం ఇన్వర్టరు ఇచ్చే కరెంటును కొన్ని యూ.పి.ఎస్.లు ఒప్పుకోవు, ఇన్వర్టరు నడుస్తున్నంతసేపూ కూస్తూనే ఉంటాయి. ఇన్వర్టరు కొనేటప్పుడే "సైన్ వేవ్" రకం అడిగితే ఈ బాధ ఉండదు.

ల్యాప్‌టాపు ఉన్నవాళ్ళకు దాని బ్యాటరీ దానికే ఉంటుంది. వాళ్ళకు ఆగిపోయేది ఇంటర్నెట్. ఆ చిన్న పెట్టె లాగేది పది పన్నెండు వాట్లే. యూ.పి.ఎస్. మీద అదొక్కటే ఉంటే గంట పైన నడుస్తుంది. కొన్ని యూ.పి.ఎస్.లు మాత్రం ఇంత తక్కువ బరువును చూసి, ఏమీ తగిలించలేదేమో అనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. అలాంటప్పుడు ఇంటర్నెట్ పెట్టెకనే అమ్మే బుల్లి యూ.పి.ఎస్. తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు కూతల భాష. ఇది కంపెనీకొక తీరుగా ఉంటుంది, మీ పుస్తకంలో చూసుకోండి. మామూలుగా ఆగి ఆగి కూస్తే "నేను బ్యాటరీ మీద ఉన్నాను" అని. గబగబా కూస్తే "అయిపోవస్తోంది, తొందరపడండి" అని. ఆగకుండా ఒకటే కూత కూస్తే "మొయ్యలేను" అనో, "నాలో ఏదో పాడైంది" అనో. పుస్తకం చూసి మీ పెట్టె కూతలు మూడు నాలుగు మాటల్లో ఒక చీటీ మీద రాసి దాని నెత్తిన అంటించండి. ఇంట్లో పిల్లలు కూడా చదువుకుంటారు.

మొదటి కూత వినగానే చెయ్యవలసినవి మూడే. చేస్తున్న పని భద్రం చెయ్యడం, తెరిచినవన్నీ మూసెయ్యడం, కంప్యూటర్ ను దాని పద్ధతిలో ఆపడం. ఆ తర్వాతే కొవ్వొత్తి సంగతి. "ఇప్పుడే వస్తుందిలే" అని ఎదురు చూడకండి. మూడు నిమిషాల్లో రాకపోతే రాదనే అనుకోవాలి. కరెంటు వచ్చాక కూడా ఒక అయిదు నిమిషాలు ఆగి మొదలుపెట్టండి, వచ్చీరాగానే వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉంటుంది.

ఇదంతా కరెంటు పోయినప్పుడు నేర్చుకునేది కాదు, ఉన్నప్పుడే చూసుకోవాలి. నెలకోసారి, గ్యాసు పుస్తకం, పాల లెక్క చూసుకునే రోజున, కంప్యూటర్లో ముఖ్యమైనవేవీ తెరవకుండా గోడ మీద స్విచ్చి ఆపండి. ప్లగ్గు మాత్రం పీకకండి. ప్లగ్గు గోడకు ఉంటేనే ఎర్తు తీగ కలిసి ఉంటుంది. అయిదు నిమిషాలు నిలబడితే చాలు, మళ్ళీ స్విచ్చి వెయ్యండి. ఆ అయిదు నిమిషాల్లో గబగబా కూత మొదలైందంటే బ్యాటరీ ముసలిదైందని తెలుసుకోండి. గోడ క్యాలెండరు మీద ఆ తేదీ దగ్గర "బాగుంది" అనో, "మూడు నిమిషాలు" అనో రాయండి. పాలవాడి లెక్క రాసినట్టే.

ఇక ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు. పెట్టె మూత ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసినా లోపల కొన్ని భాగాల్లో కరెంటు నిలవుంటుంది. బ్యాటరీ మార్చే మనిషి పక్కన నిలబడినా, వైరు అందించినా, ముందు బంగారు గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి, మంగళసూత్రం జాకెట్టు లోపలికి వేసుకోండి. 12 వోల్టులు షాక్ కొట్టవు నిజమే. కానీ బ్యాటరీ రెండు కొనలకూ ఒక గాజు అడ్డంగా తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చెయ్యి కాలుతుంది. బ్యాటరీ ఉబ్బినా, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చినా, పెట్టె చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా వెంటనే గోడ స్విచ్చి ఆపి, కిటికీలు తెరిచి, పిల్లల్ని దూరం పంపి మనిషిని పిలవండి. బ్యాటరీలో ఉండేది ఆమ్లం. ఒంటి మీద పడితే పసుపూ, వెన్నా రాయకుండా పావుగంటసేపు ధారగా నీళ్ళతో కడగాలి. కంట్లో పడితే అలాగే కడుగుతూ ఆసుపత్రికి వెళ్ళాలి.

కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? అది ఎర్తు సరిగా లేదని చెప్పే గుర్తు. మా వైపు పెరట్లో ఎర్తు గుంటలో ఉప్పూ బొగ్గులూ వేసి పూడుస్తారు. ఎండాకాలంలో అది ఎండిపోతుంది. రెండు మూడు రోజులకోసారి బిందెడు నీళ్ళు పోస్తుండాలి. అప్పటికీ జివ్వుమంటే ఎలక్ట్రీషియనును పిలిపించాల్సిందే.

వానల రోజుల్లో పెట్టెను నేల మీద ఉంచకుండా పీట మీదికో, బల్ల మీదికో ఎక్కించండి. 2021 నవంబరులో నెల్లూరు జిల్లాలో వరద ఇళ్ళలోకి వచ్చిన సంగతి మరిచిపోలేం. నీళ్ళు ఇంట్లోకి వస్తాయనిపిస్తే ముందు మెయిన్ ఆపాలి. నీళ్ళల్లో నిలబడి స్విచ్చి ముట్టుకోకూడదు. తడిసిన పెట్టెను ఎండలో పెట్టి ఆరింది కదా అని వెయ్యకూడదు. ఉరుములు మెరుపులు దగ్గరపడితే కంప్యూటర్ ఆపి, అప్పుడు మాత్రం యూ.పి.ఎస్. ప్లగ్గునూ, ఇంటర్నెట్ తీగనూ కూడా గోడ నుంచి తీసెయ్యండి. దగ్గర్లో పిడుగు పడితే ఏ పెట్టే ఆపలేదు.

చివరగా పాత బ్యాటరీ సంగతి. తిరుపతి దగ్గర కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా వాళ్ళు ఇలాంటి బ్యాటరీలు చేస్తారు. మన జిల్లాలో తయారయ్యే వస్తువే ఇది. అందులో సగానికి పైగా సీసం. సీసం కరిగించి మళ్ళీ కొత్త బ్యాటరీలు చెయ్యవచ్చు గనకనే పాతదానికీ ధర పలుకుతుంది. అయితే ఆ పని పద్ధతి గల ఫ్యాక్టరీలో జరగాలి. వీధుల వెంట తిరిగే పాత ఇనుము బండికి వేస్తే, ఎక్కడో పెరట్లో పగలగొట్టి, ఆమ్లం మట్టిలో పారబోసి, బహిరంగంగా సీసం కాచే ప్రమాదం ఉంది. ఆ పొగా దుమ్మూ పీల్చిన పసిపిల్లలకు మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇలా జరగకూడదనే 2001లో ఒకసారి, 2022లో మరింత గట్టిగా నిబంధనలు తెచ్చారు. పాత బ్యాటరీలను తిరిగి తీసుకునే బాధ్యత తయారుచేసేవాళ్ళదే. అంచేత కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చి, దాని ధర బిల్లులో తగ్గించమనండి. బండివాడు యాభై రూపాయలు ఎక్కువిస్తానన్నా వద్దనండి. ఆ యాభై రూపాయలు ఇంకొక తల్లి బిడ్డ చదువులోంచి వస్తాయి.

ఇంతసేపూ చెప్పింది ఒకేసారి చెయ్యనక్కర్లేదు. ఈ ఆదివారం ఒక్క మూడు పనులు చెయ్యండి. బల్ల కిందికి వంగి ఏ ప్లగ్గు ఎక్కడుందో చూడండి. స్విచ్చి ఆపి అయిదు నిమిషాలు లెక్కపెట్టండి. కూతల చీటీ రాసి అంటించండి. ఈసారి గాలివాన వచ్చిన రాత్రి మీ అమ్మాయి దరఖాస్తు నింపుతూ "అమ్మా, కరెంటు పోయిందే!" అని గాభరా పడితే, "పది నిమిషాలుంది, నిదానంగా భద్రం చెయ్యి తల్లీ" అని వంటింట్లోంచే చెప్పగలుగుతారు.